ఒంట్లో కొవ్వు దాచే చోటే లేకపోతే

క్లుప్తంగా: కొవ్వు కణజాలం ఒంట్లో పేరుకున్న చెత్త కాదు, కాలేయం, మూత్రపిండాల లాగే అదీ ఒక అవయవం. జన్యులోపం వల్ల ఆ అవయవం తయారుకాకపోయినా, సగం వయసులో కరిగిపోయినా మనిషి సన్నగా కనిపిస్తూనే షుగర్, ఫ్యాటీ లివర్, రక్తంలో విపరీతంగా పెరిగిన ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుతో బాధపడతాడు. ఈ జబ్బులను లైపోడిస్ట్రోఫీలు అంటారు. ఇవి అరుదైనవే, కానీ బక్కగా ఉన్నవాళ్లకు షుగర్ ఎందుకొస్తుందో అర్థం కావాలంటే ముందు వీటిని చూడాలి.

మేడారం జాతరలో మొక్కు చెల్లించేవాళ్లు తక్కెడలో ఒక వైపు కూర్చుంటే రెండో వైపు వాళ్ల బరువుకు సమానంగా బెల్లం పెడతారు. నిలువెత్తు బంగారం అనేది దాన్నే. ఆ తక్కెడ డెబ్బై కిలోలు అని చెబుతుంది, అంతకు మించి చెప్పదు. ఆ డెబ్బైలో ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు తొడల్లో ఉందా, పొట్టలో ఉందా, కాలేయంలో దూరిందా అన్నది తక్కెడకు తెలియదు. ఆసుపత్రిలో బరువు చూసే మిషన్‌కూ తెలియదు.

2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాక కొవ్వు గురించి మాట ఎత్తితే చాలు తగ్గించుకోవడం గురించే మాట్లాడుతున్నారు. లావుగా ఉంటే రోగం, బక్కగా ఉంటే ఆరోగ్యం అనే లెక్క జనంలో బాగా పాతుకుపోయింది. "బక్క పానానికి షుగరేంది?" అనే మాట వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. చర్మం కింద చిటికెడు కొవ్వు కూడా లేకుండా పుట్టిన పిల్లల్లో చాలామందికి చిన్న వయసులోనే తీవ్రమైన షుగర్ వస్తుందని తెలిస్తే ఈ లెక్క నిలబడదు.

కొవ్వు కణం ఎలా తయారవుతుంది

తల్లి కడుపులో బిడ్డకు దాదాపు 14 వారాలు నిండే సమయంలో కొవ్వు కణజాలం రూపుదిద్దుకోవడం మొదలవుతుంది. దానికి మూలం ఒక రకం మూలకణాలు. ఇవి ఎముకగా మారొచ్చు, మృదులాస్థిగా మారొచ్చు, కొవ్వుగానూ మారొచ్చు, ఏ దారిలో వెళ్లాలన్నది కణంలో ఏ జన్యువు మేల్కొందనే దాన్ని బట్టి ఉంటుంది. కొవ్వు దారిని తెరిచే ముఖ్యమైన స్విచ్ పేరు పీపార్ గామా. అమెరికాలోని బోస్టన్‌లో బ్రూస్ స్పీగల్‌మన్, పీటర్ టొంటొనోజ్ 1994లో దీని సంగతి బయటపెట్టారు. కొవ్వుతో ఏ సంబంధమూ లేని మామూలు కణాల్లో ఈ ఒక్క జన్యువును పనిచేయించేసరికి అవి కొవ్వు కణాలుగా మారిపోయాయి.

స్విచ్ పడగానే పని అయిపోదు. కణంలో నూనె బొట్టు తయారుకావాలి, అది పెరగాలి, పగలకుండా నిలవాలి. ఏజీపీఏటీ2 అనే ఎంజైమ్ ట్రైగ్లిజరైడ్‌ను తయారుచేసే గొలుసులో ఒక మెట్టు. సీపిన్ అనే ప్రోటీన్ ఆ బొట్టు పుట్టే చోట కూర్చుని దాన్ని సరిగ్గా ఊరేలా చూస్తుంది. పెరిలిపిన్ బొట్టు చుట్టూ పొరలా కప్పి ఉంటుంది, అవసరం లేనప్పుడు కొవ్వు కరిగి రక్తంలోకి జారకుండా ఆపుతుంది. మరో ప్రోటీన్ చిన్న చిన్న బొట్లను కలిపి ఒకే పెద్ద బొట్టుగా చేస్తుంది. వీటిలో ఏ ఒక్కటి చెడినా కొవ్వు నిల్వ కుంటుపడుతుంది, ఏ మెట్టు దగ్గర చెడిందో దాన్ని బట్టి జబ్బు రూపం మారుతుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. స్వీడన్‌లో కిర్స్టీ స్పాల్డింగ్ బృందం 2008లో తేల్చినదాని ప్రకారం మనిషి ఒంట్లో కొవ్వు కణాల సంఖ్య చిన్నతనంలోనూ కౌమారంలోనూ దాదాపు ఖాయమైపోతుంది. ఆ తర్వాత ఏటా పది శాతం దాకా కణాలు చచ్చి కొత్తవి పుడుతుంటాయి, కానీ మొత్తం లెక్క పెద్దగా మారదు. పెద్దయ్యాక సన్నబడినా లావెక్కినా ఎక్కువగా మారేది ఉన్న కణాల సైజే.

ఏనుమాముల యార్డు లెక్క

ఎండాకాలం మొదట్లో వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వెల్లువలా వస్తుంది. ధర నచ్చనివాళ్లు బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటారు. అవి నిండిపోయాయనుకోండి, లేదా అసలు లేవనుకోండి, బండ్లు రావడం మాత్రం ఆగదు కదా. బస్తాలు యార్డులో, షెడ్ల బయట, రోడ్డు పక్కన పేరుకుంటాయి, తోవలు మూసుకుపోతాయి, వాన పడితే సరుకు బూజు పడుతుంది. తప్పు మిర్చిది కాదు, దాచే చోటు లేకపోవడమే తప్పు.

ఒంట్లోనూ అంతే. తిన్నదాంట్లో ఖర్చు కానిది కొవ్వుగా మారి రక్తంలో తిరుగుతూ చర్మం కింద ఉన్న కొవ్వు కణజాలంలోకి చేరాలి. ఒక గ్రాము కొవ్వులో 9 కిలోకేలరీలు ఉంటాయి, గంజి, అన్నంలో ఉండే పిండిపదార్థంలో 4 మాత్రమే, కాబట్టి దాచుకోవడానికి ఒళ్లు కొవ్వునే ఎంచుకుంది. ఆ గోదాము లేకపోతే కొవ్వు కాలేయంలోకి, కండరాల్లోకి, క్లోమంలోకి వెళ్తుంది. అవి కొవ్వు దాచడానికి పుట్టినవి కావు. కండరంలో కొవ్వు చేరితే ఇన్సులిన్ మాట దానికి చెవికెక్కదు, కాలేయంలో చేరితే అది అవసరం లేకున్నా చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పోస్తుంది. అధిక ఇన్సులిన్ ప్రభావంతో మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా నల్లబడుతుంది, ఆడపిల్లల్లో పీసీఓడీ అనే అండాశయాల సమస్య లక్షణాలు మొదలవుతాయి. మెడ మీద నలుపును మురికి అనుకుని రాచి రాచి కడిగించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అది మురికి కాదు, రుద్దితే పోదు. పిల్లల మెడ మీద అలాంటి నలుపు కనిపిస్తే షుగర్ పరీక్ష చేయించడం మంచిది.

కొన్నేళ్లకు క్లోమం అలసిపోతుంది. షుగర్ వస్తుంది.

పుట్టుకతోనే కొవ్వు లేని పిల్లలు

బ్రెజిల్‌లో బెరార్డినెల్లి అనే వైద్యుడు 1954లో, నార్వేలో సైప్ అనే వైద్యుడు 1959లో ఇలాంటి పిల్లల గురించి రాశారు. అందుకే దీనికి బెరార్డినెల్లి-సైప్ సిండ్రోమ్ అని పేరు. సీపిన్ అనే ప్రోటీన్ పేరు కూడా ఆ నార్వే వైద్యుడి పేరు మీదే వచ్చింది. కోటి మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

చూడటానికి ఈ పిల్లలు చిన్నప్పుడే పహిల్వాన్‌లా ఉంటారు. చేతులు, పిక్కలు కండలు తిరిగి, నరాలు పైకి తేలి, బుగ్గలు లోపలికి పోయి, పొట్ట మాత్రం ముందుకొచ్చి ఉంటుంది, బొడ్డు ఉబికి ఉంటుంది. పొట్ట ముందుకు రావడానికి కారణం పెద్దదైన కాలేయం. ఎంత పెట్టినా ఇంకా కావాలంటారు, తోటి పిల్లలకంటే వేగంగా ఎత్తు పెరుగుతారు. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందనో, కడుపులో పురుగులున్నాయనో అనుకునే అవకాశం ఎక్కువ. పోషకాహార లోపం అనుకునే ప్రమాదం కూడా ఉంది, కానీ రెండింటికీ తేడా స్పష్టం. తిండి అందక చిక్కిపోయిన బిడ్డకు కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, కొవ్వు కణాలు ఖాళీ అయినా అక్కడే ఉంటాయి, తిండి పెడితే మళ్లీ నిండుతాయి. ఈ జబ్బున్న బిడ్డకు కండ నిండుగా ఉంటుంది, కొవ్వు కణాలే ఉండవు, ఎక్కువ తిండి పెడితే అది నేరుగా కాలేయానికి, రక్తానికి ఎక్కుతుంది. అంటే చిక్కిపోయాడని నెయ్యి, పాలు, వేయించినవి ఇంకా పెడితే మేలు బదులు కీడే జరుగుతుంది. ఇలాంటి పిల్లలను త్వరగా గుర్తించాలని ఇంతగా చెప్పడం అందుకే.

ఏజీపీఏటీ2 లోపం ఉన్నవాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో, కనుగుడ్ల వెనక మెత్తలా పనిచేసే కొవ్వు మిగిలి ఉంటుంది. సీపిన్ లోపం ఉన్నవాళ్లకు అదీ ఉండదు, వాళ్లలో కొందరికి బుద్ధి వికాసంలో వెనకబాటు కూడా కనిపిస్తుంది. ఒకే పేరున్న జబ్బులో ఇంత తేడా ఉండటమే కొవ్వు అంతా ఒకటే రకం కాదనడానికి సాక్ష్యం: అరికాలి కొవ్వు ఒత్తిడిని మోస్తుంది, తొడ కొవ్వు సరుకు దాస్తుంది.

ఈడొచ్చాక కరిగే కొవ్వు

రెండో రకం మరీ మోసకారి. స్కాట్లాండ్‌లో డనిగన్ అనే వైద్యుడి బృందం 1974లో వర్ణించిన ఈ జబ్బులో బిడ్డ మామూలుగానే పుడుతుంది, మామూలుగానే పెరుగుతుంది. ఆడపిల్ల పెద్దమనిషయ్యే వయసు నుంచి చేతులు, కాళ్లు, పిరుదుల్లో కొవ్వు కొద్దికొద్దిగా పోతుంది, అదే సమయంలో ముఖం, గదవ కింద, మెడ మీద పేరుకుంటుంది. చీరలోనో పంజాబీ డ్రెస్‌లోనో ఉన్న మనిషిని చూస్తే నిండుగానే కనిపిస్తుంది, పిక్కల మీద నరాలు తాళ్లలా తేలి ఉన్న సంగతి ఎవరూ గమనించరు. మగవాళ్లలో ఇది ఇంకా తేలిగ్గా కప్పబడిపోతుంది, కష్టం చేసే మనిషి కాబట్టి కండలున్నాయని అనుకుంటారు. ఆడవాళ్లలో షుగర్, ట్రైగ్లిజరైడ్ల తీవ్రత మగవాళ్లకంటే ఎక్కువ.

దీనికి కారణమైన ఎల్ఎంఎన్ఏ జన్యువును 2000లో గుర్తించారు. ఇది కొవ్వుకు సంబంధించిన జన్యువే కాదు, కణకేంద్రకానికి లోపలి వైపు అల్లికలా ఉండే లామిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసేది. ఇదే జన్యువులో వేరే చోట మార్పు వస్తే చిన్న వయసులోనే ముసలితనం వచ్చే ప్రొజీరియా వస్తుంది, ఇంకో చోట వస్తే కండరాల క్షీణత, మరో చోట వస్తే గుండె కండరం బలహీనపడే జబ్బు వస్తుంది. అందుకే ఈ కుటుంబాల్లో గుండె పరీక్షలు కూడా మర్చిపోకుండా చేయించాలి. పీపార్ గామాలోనూ, పెరిలిపిన్‌లోనూ లోపాలతో వచ్చే ఇలాంటి పాక్షిక రకాలు మరికొన్ని ఉన్నాయి.

కొవ్వు పంపే కబురు

గోదాము పోలిక ఇక్కడిదాకా పనికొచ్చింది కానీ కొవ్వు కణజాలం గోదాము మాత్రమే కాదు, అది మెదడుకు కబురు కూడా పంపుతుంది. 1994లోనే న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. కొవ్వు కణాలు దీన్ని రక్తంలోకి వదులుతాయి, నిల్వలు సరిపడా ఉన్నాయి, తిండి చాలు అని మెదడుకు అందే సమాచారం ఇదే. కొవ్వే లేకపోతే లెప్టిన్ ఉండదు, ఒళ్లు ఎండిపోతోందని మెదడు అనుకుని ఆకలిని ఆపదు. ఆ పిల్లల తీరని ఆకలి మొండితనం కాదు, ఆశపోతుతనం అంతకంటే కాదు.

దీనికి సరిగ్గా అద్దంలో బొమ్మ లాంటి జబ్బు ఇంకొకటి ఉంది. కొవ్వు కణాలు మామూలుగా ఉండి లెప్టిన్ జన్యువు ఒక్కటే చెడితే ఆ బిడ్డ విపరీతంగా లావెక్కుతుంది. 1997లో ఇంగ్లండ్‌లో వైద్యులు గుర్తించిన ఎనిమిదేళ్ల పాప బరువు 86 కిలోలు, ఆమెది దగ్గరి సంబంధాలు చేసుకున్న పాకిస్తానీ మూలాల కుటుంబం. ఒక బిడ్డ కండలకు చర్మం అంటినట్టు, ఇంకో బిడ్డ 86 కిలోలు, కానీ ఇద్దరికీ లేనిది ఒకటే హార్మోన్, ఇద్దరినీ వేధించేది ఒకటే ఆకలి. ఇద్దరికీ లెప్టిన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. మామూలుగా లావుగా ఉన్నవాళ్లకు మాత్రం ఇది పనిచేయదు, ఎందుకంటే వాళ్ల రక్తంలో లెప్టిన్ ఇప్పటికే ఎక్కువగా ఉంటుంది, మెదడే దాన్ని పట్టించుకోదు.

2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో లైపోడిస్ట్రోఫీ ఉన్న తొమ్మిది మంది ఆడవాళ్లకు నాలుగు నెలలు లెప్టిన్ ఇచ్చారు. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ సగటున 1.9 తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు 60 శాతం పడిపోయాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీన్ని ఇంకా గట్టిపరిచాయి: కొవ్వు లేని ఎలుకలకు మామూలు ఎలుకల కొవ్వు ముక్కలను చర్మం కింద అతికిస్తే షుగర్ నయమైంది, లెప్టిన్ తయారుకాని ఎలుకల కొవ్వు అతికిస్తే నయం కాలేదు. గోదాము ఒక్కటే సరిపోదు, కబురు కూడా అందాలి.

మేనరికం దగ్గర తేడా

పుట్టుకతో కొవ్వు లేని రకం రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన జన్యువులు బిడ్డకు చేరాలి. ఒక్కటే ఉన్నవాళ్లు ఆరోగ్యంగా ఉంటారు, తమలో అది ఉందని వాళ్లకే తెలియదు. ఇంత అరుదైన జన్యువు ముక్కూ మొహం తెలియని రెండు కుటుంబాల్లో ఒకేసారి ఉండటం దాదాపు జరగని పని. కానీ తాత నుంచో అమ్మమ్మ నుంచో రెండు కొమ్మల్లోకి దిగిన జన్యువు మేనరికంలో మళ్లీ కలిసే అవకాశం ఉంది. మేనత్త కొడుకు, మేనమామ కూతురు చేసుకుంటే పుట్టే బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. అక్క కూతురిని మేనమామ చేసుకుంటే ఎనిమిదింట ఒకటి, అంటే రెట్టింపు. బ్రెజిల్‌లోని రియో గ్రాండె దొ నోర్తె రాష్ట్రంలో ఈ జబ్బు మిగతా చోట్లకంటే ఎక్కువగా కనిపించడానికి కారణం అక్కడి దగ్గరి సంబంధాల పెళ్లిళ్లేనని చెబుతారు.

మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. చాలా ఇళ్లలో రాదు. కానీ ఒక బిడ్డకు ఇలాంటి జబ్బు తేలిన ఇంట్లో తర్వాతి బిడ్డకు ప్రతిసారీ నాలుగింట ఒకటి అవకాశం ఉంటుంది, అందుకే అలాంటి ఇంట్లో ఇంకో సంబంధం కలుపుకునే ముందు జన్యు సలహా తీసుకోవడం చాలా అవసరం. డనిగన్ రకం లెక్క వేరు. దానికి ఒక్క చెడిన జన్యువు చాలు, తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం, మేనరికంతో పనే లేదు. నేరం కోడలి మీద, వాళ్ల పుట్టింటి మీద మోపే అలవాటుకు ఈ రెండు లెక్కల్లోనూ చోటు లేదు.

పేరు ఒకటే, జబ్బులు వేరు

ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు రోజూ ఒకే చోట సూది గుచ్చితే అక్కడ కొవ్వు గడ్డ కడుతుంది లేదా గుంట పడుతుంది. రిపోర్టుల్లో దీన్ని కూడా లైపోడిస్ట్రోఫీ అనే రాస్తారు, చదివినవాళ్లు టెన్షన్ పడతారు. అది జన్యు జబ్బు కాదు, సూది చోటు మారుస్తూ ఉంటే చాలు. హెచ్‌ఐవీకి పాత రోజుల్లో వాడిన స్టావుడిన్ లాంటి మందులతో బుగ్గలు పీక్కుపోయేవి, అదీ మందు వల్ల వచ్చిందే, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును క్రమంగా మానేయమని చెప్పింది. ఇక చేతుల మీద, వీపు మీద మెత్తగా కదిలే లైపోమా గడ్డలు కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తాయి, ఎక్కువ భాగం హాని లేనివే, త్వరగా పెరిగినా గట్టిపడినా మాత్రం చూపించుకోవాలి.

మామూలు బక్కవాళ్ల సంగతి

2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో అచ్చయింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరిదీ 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టే పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లో 3.5 కిలోలు, అయినా తగ్గింది ఎక్కువగా కండే గానీ చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదని యాజ్ఞిక్ బృందం చూపించింది. దక్షిణాసియా వాళ్లకు చర్మం కింది గోదాము త్వరగా నిండిపోయి మిగతాది లోపలికి పొర్లుతుందన్నది ఒక బలమైన వాదన.

2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం దీనికి జన్యు ఆధారం జోడించింది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో ముడిపడిన 53 చోట్లను జన్యుపటంలో గుర్తించింది, అవి ఎక్కువగా ఉన్నవాళ్లకు కాళ్లలో, తుంటి చుట్టూ కొవ్వు తక్కువ, షుగర్ ముప్పు ఎక్కువ. ఒక్కో మార్పు ప్రభావం చాలా చిన్నది, కానీ వాటి దారి లైపోడిస్ట్రోఫీ నడిచే దారే. అంటే కోటిలో ఒకరికి వచ్చే జబ్బుకూ, కాళ్లు సన్నగా, పొట్ట ముందుకుండి నలభైకే షుగర్ మాత్ర మింగుతున్న మనిషికీ మధ్య ఉన్నది కొలతలో తేడా మాత్రమే. షుగర్‌కు వాడే పయోగ్లిటాజోన్ పీపార్ గామా స్విచ్‌నే నొక్కుతుంది, కొందరికి బరువు కాస్త పెరుగుతుంది, షుగర్ మాత్రం తగ్గుతుంది. బరువు పెరిగితే షుగర్ పెరగాలి కదా అనుకునేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, కొవ్వు చేరాల్సిన చోటుకు చేరిందని అర్థం చేసుకుంటే వింత ఉండదు.

పరీక్ష, వైద్యం

రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఈ జబ్బుల్లో వేలల్లో ఉండొచ్చు, అప్పుడు తీసిన రక్తం పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తుంది. వెయ్యి దాటితే పాంక్రియాటైటిస్ అనే క్లోమం వాపు ఎప్పుడైనా రావొచ్చు, అది ప్రాణం మీదకు తెస్తుంది. ఇలాంటివాళ్లకు కల్లు, మద్యం అసలు కూడదు, సకినాలు, గారెలు లాంటి నూనె సరుకు బాగా తగ్గించాలి, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి కాబట్టి మానాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు తగ్గడానికి ఫైబ్రేట్లు వాడతారు, కొందరికి రోజుకు 200 యూనిట్లకు పైగా ఇన్సులిన్ కావాల్సి వస్తుంది. లెప్టిన్ మందు మెట్రెలెప్టిన్‌కు జపాన్ 2013లో, అమెరికా 2014లో అనుమతి ఇచ్చాయి. అది చాలా ఖరీదు, దానికి వ్యతిరేకంగా ఒంట్లో యాంటీబాడీలు పుట్టే ముప్పు కూడా ఉంది.

బక్కగా ఉండి, చిన్న వయసులో షుగర్ వచ్చి, మెడ నల్లబడి, ఫ్యాటీ లివర్ కూడా తేలితే జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ను అడగడం సబబు. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి, హన్మకొండ నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడికి చేరుకోవచ్చు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు పాత ఫోటోలు కూడా పట్టుకెళ్లాలి. పదేళ్ల వయసులో బడిలో గౌను వేసుకుని దిగిన ఫోటో, పెద్దమనిషయిన ఫంక్షన్ ఫోటో, పెళ్లి ఆల్బమ్, వీలైతే అమ్మవి, మేనత్తలవి కూడా. చేతుల్లో, పిక్కల్లో కొవ్వు ఏ వయసులో పోయిందో, ఇంట్లో ఇంకెవరికి పోయిందో డాక్టర్‌కు వాటిలోనే కనిపిస్తుంది.